నరాల డాక్టరు వీధిలో ఆగిన బండి

2001 వానాకాలంలో నన్ను గోదావరి డెల్టాలోని ఒక పట్టణానికి మోటారు వాహనాల తనిఖీ అధికారిగా బదిలీ చేశారు. ఆ పట్టణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ ఉదంతంతో సంబంధమున్నవారు కొందరు ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. వారి పేర్లు కూడా మార్చాను.

జనం నోట్లో మా ఉద్యోగం పేరు ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’. లారీలు, బస్సులు, ఆటోలు రోడ్డు మీద తిరగడానికి తగిన స్థితిలో ఉన్నాయో లేదో పరీక్షించి ఎఫ్.సి. అనే యోగ్యతా పత్రం ఇవ్వడం, లైసెన్సు కోరేవారికి డ్రైవింగు పరీక్ష పెట్టడం, ప్రమాదానికి గురైన వాహనంలో యాంత్రిక లోపం ఉందా అని చూసి పోలీసులకు నివేదిక ఇవ్వడం, రోడ్డు మీద తనిఖీలు చేయడం మా పనులు. మాకు పైన ప్రాంతీయ రవాణా అధికారి ఉంటారు. లైసెన్సు ఇచ్చే అధికారమూ, రద్దు చేసే అధికారమూ ఆయనవి. మేము చూసింది చూసినట్టు రాస్తాం, ఆయన నిర్ణయిస్తారు. కాబట్టి మా నివేదికలో ఒక్క మాట ఎక్కువ పడినా, తక్కువ పడినా దాని ఫలితం ఎవరో ఒకరి బతుకు మీద పడుతుంది.

ఈ శాఖలోకి రాకముందు కొంతకాలం పాలిటెక్నిక్‌లో కొలతల ప్రయోగశాల చూసేవాణ్ణి. ఏ కొలత విన్నా ‘ఏ పరికరంతో తీశారు, ఎవరు చదివారు, ఎంత తేడా ఉండవచ్చు’ అని అడగడం అక్కడ అబ్బిన అలవాటు. రవాణా శాఖలో ఈ అలవాటు వల్ల నాకు స్నేహితులు పెద్దగా ఏర్పడలేదు.

నేను చేరేసరికి మా కార్యాలయంలో పాత రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని పూర్తి కావస్తోంది. అంతకుముందు ఒక బండి ఎవరి పేరు మీద ఉందో తెలుసుకోవాలంటే గుమాస్తా అటక మీది నుంచి లావుపాటి రిజిస్టరు దింపి, దుమ్ము దులిపి, పేజీలు తిప్పాలి. కంప్యూటరు వచ్చాక నంబరు కొడితే పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఊరు క్షణంలో వచ్చేవి. కార్యాలయమంతటా ఆ సంబరం ఉండేది. ఎవరేం అడిగినా తీసి చూపించాలన్న ఉత్సాహం కూడా దానితోపాటే వచ్చింది.

ఆ ఏడాదే పురపాలక సంఘం పట్టణంలోని స్కూటర్ స్టాండ్లన్నిటినీ కలిపి ఒక ప్రైవేటు సంస్థకు గుత్తకు ఇచ్చింది. వాటిలో అన్నిటికన్నా రద్దీగా ఉండేది ఆస్పత్రుల వీధిలోని స్టాండు. ఆ వీధి మొదట్లో నరాల డాక్టరు గారి ఆస్పత్రి ఉండడంతో అందరూ దాన్ని నరాల డాక్టరు స్టాండు అనేవారు. నిజానికి అదే వీధిలో కళ్ల డాక్టరు, పళ్ల డాక్టరు, ఒక ట్యుటోరియల్ కాలేజీ, రెండు కళ్లజోళ్ల దుకాణాలు కూడా ఉండేవి. సంస్థవారు బండి లోపలికి రాగానే టోకెను మీద నంబరు, వేళ రాసుకుని, సాయంత్రం వాటిని తమ ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించేవారు.

స్టాండ్లలో నెలల తరబడి వదిలేసిన బళ్లు కొన్ని ఉండిపోయాయి. వాటి యజమానులెవరో తెలిస్తే కబురు పెడతామని సంస్థవారు అడిగారు, పురపాలక సంఘం సిఫారసు చేసింది. ఆ కోరికలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే ఆ కొన్ని బళ్ల నంబర్లు తీసుకుని వివరాలు ఇవ్వవలసిందిపోయి, ప్రతిసారీ ఎవరు వెతుకుతారని, మా కార్యాలయం తన పరిధిలోని ద్విచక్ర వాహనాల జాబితా మొత్తాన్నీ ఒక సీడీలో ఎక్కించి ఇచ్చేసింది. నాకు అప్పట్లో ఈ సంగతి తెలియదు. నా పని ఎక్కువగా టెస్టు గ్రౌండులోనూ, రోడ్డు మీదా ఉండేది.

తెలిసింది వీర్రాజు వల్ల.

2002 వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచిన రోజుల్లో ఒక ఉదయం అతను టెస్టు గ్రౌండుకు వచ్చి, ఆటోల వరస అయ్యేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. ఆస్పత్రుల వీధి స్టాండుకు తాను సూపర్‌వైజరునని చెప్పుకున్నాడు.

“మా ఊరి బడి బస్సు సుందర్రావు గారు తోల్తారండి. ఆయనకి మూర్ఛ ఉందండి,” అన్నాడు.

“మీరు చూశారా?”

“చూడక్కర్లేదండి. టోకెన్లు కుర్రాళ్లు రాస్తారండి, నేను సాయంత్రం లెక్కలు చూస్తానండి. వారం వారం ఆయన బండి నరాల డాక్టరు గారి దగ్గరే ఉంటందండి. నంబరు కొడితే కంప్యూటర్లో ఆయన పేరే వచ్చిందండి. నా ఇద్దరు పిల్లలూ ఆ బస్సులోనే ఎల్తారండి. కాలవ గట్టు రోడ్డండి అది. ఆయనకి అక్కడేదైనా వస్తే, పట్టుకోడానికి ఏవుందండి? బస్సు తిన్నగా కాలవలోకే.”

మా జాబితా ఒక ప్రైవేటు స్టాండు కంప్యూటర్లో ఉందని అప్పుడు విన్నాను. కానీ ఆ నిమిషంలో అది రెండో విషయం. ఆ గట్టు రోడ్డు నాకు తెలుసు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేలు, ఎదురుగా గడ్డి బండి వస్తే బస్సు అంచు దాకా ఒరగాలి. మూర్ఛ ఉన్న మనిషి అక్కడ నలభై మంది పిల్లలతో బస్సు నడుపుతున్నాడంటే అంతకన్నా తీవ్రమైన ఫిర్యాదు నా ఉద్యోగంలో రాలేదు. వీర్రాజులో కక్ష కనిపించలేదు. భయపడిన తండ్రి కనిపించాడు. రాతపూర్వకంగా ఇవ్వమన్నాను, ఇచ్చాడు.

చట్టంలో దీనికి మార్గం ఉంది. లైసెన్సు ఉన్న మనిషి రోగం వల్ల నడపడానికి తగడని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉంటే, అధికారి లైసెన్సును రద్దు చేయవచ్చు, లేదా వైద్య ధ్రువపత్రం తెమ్మని అడగవచ్చు. ‘సహేతుకమైన ఆధారం’ అన్న మాటను గుర్తుంచుకోవాలి. ప్రాంతీయ రవాణా అధికారి గారు విచారణ నాకు అప్పగించారు. ఈలోగా బడి కరస్పాండెంటు గారు, విషయం చెవిన పడగానే, సుందర్రావును బస్సు దింపి ఇంట్లో కూర్చోమన్నారు.

సుందర్రావు మా కార్యాలయానికి వచ్చినప్పుడు తెల్ల చొక్కా వేసుకుని, ఆదివారం చర్చికి వెళ్లే మనిషిలా వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. రావులపాలెం నుంచి అరటి గెలల లారీలు చాలా ఏళ్లు నడిపి, రాత్రి ప్రయాణాలు పడక బడి బస్సులో చేరాడు. ఆయన మీద ప్రమాదం కేసు ఒక్కటీ లేదు. అది ఆయనకు అనుకూలమైన విషయమే గానీ రోగం లేదనడానికి రుజువు కాదు.

మూర్ఛ గానీ, కళ్లు తిరిగి పడిపోవడం గానీ ఎప్పుడైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. లైసెన్సు దరఖాస్తులో ఇదే ప్రశ్న ఉంటుంది, అందరూ లేదనే రాస్తారు. ఆస్పత్రుల వీధికి ఎందుకు వెళ్తున్నారని అడిగాను.

“నేను ఎల్లట్లేదండి. బండి ఎల్తందండి.”

“బండి దానంతట అది వెళ్లదు కదా. ఎవరు తీసుకెళ్తున్నారు?”

“అది మాత్రం అడక్కండి.”

ఈ జవాబు ఒక మంచి మనిషి ఇచ్చినా ఇలాగే ఉంటుంది, రోగం దాచుకుంటున్న మనిషి ఇచ్చినా ఇలాగే ఉంటుంది. రెంటినీ వేరు చేసే ఆధారం కావాలి. వీర్రాజు ఫిర్యాదుకు జత చేసిన స్టాండు వివరాలు ముందు పెట్టుకుని చూశాను. వాటిలో ఒక తేదీ దగ్గర ఆగిపోయాను. అది ఆ బడి బస్సుకు ఎఫ్.సి. పరీక్ష జరిగిన రోజు. సుందర్రావుకు తేదీ చెప్పకుండా, క్రితంసారి బస్సును ఎఫ్.సి.కి తెచ్చినప్పుడు ఏం జరిగిందని అడిగాను.

“ఎనక కుడిపక్క బ్రేకు లాగుతందని తమరు పంపేశారండి. నేనే గ్రౌండు అవతల చక్రం ఊడదీసి, లైనర్లు సరిచేసి, మళ్లీ తెచ్చానండి. రెండోసారి తమరు పక్కన కూర్చుని మూడుసార్లు బ్రేకు కొట్టించారు. పొద్దుటి పూటంతా దానికే పోయిందండి,” అన్నాడు.

నిజమే. మసి చేతులతో ఈయనే స్టీరింగు ముందు కూర్చున్నాడు, నేను పక్కన ఉన్నాను. అదే ఉదయం ఈయన బండి ఆస్పత్రుల వీధిలో ఉందని స్టాండు కంప్యూటరు చెబుతోంది. ఆ ఒక్క రోజు విషయంలోనైనా, బండి ఉన్న చోట మనిషి లేడు. మిగిలిన తేదీలకు బడి బస్సు ట్రిప్పు షీట్లు తెప్పించి వేళలు పోల్చితే వ్యవహారం ఒక పూటలో తేలిపోతుందని ఆయనతో అన్నాను.

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

“వద్దండి బాబూ. నేను కాదని తేలిందంటే ఎవరో తేలిపోయినట్టేనండి. ఊళ్లో నా బండి అడిగి తీసుకెళ్లేది ఒక్క ఇంటోళ్లేనండి. ఈర్రాజు గారిదీ మా ఊరే. ఆ ఇంట్లో సంబంధం మాట్లాడుకుంటన్నారు. వాకబుకి వచ్చినోళ్లు ముందు ఎవర్ని అడుగుతారండి? ఊరివాళ్లనే కదాండి.”

“లైసెన్సు పోతే మీ సంగతేమిటి?”

“లారీ మీద క్లీనరుగానైనా ఎల్తానండి. పని పోతే ఇంకో పని. ఆళ్ల సంగతి బయటపడితే ఆళ్లకి ఇంకోటేవీ ఉండదండి.”

నరాల జబ్బు అన్న మాట ఆ రోజుల్లో పల్లెల్లో ఏయే అర్థాలకు పోయేదో అక్కడివారికి వివరించనక్కరలేదు. మందులతో అదుపులో ఉండే జబ్బు కూడా ‘ఆ ఇంట్లో ఉంది’ అన్న మాటగా మారితే తరాల పాటు ఆ ఇంటిని వదలదు.

నా ముందున్న చిక్కు ఇప్పుడు స్పష్టమైంది. సుందర్రావును బయటపడేసే అతి సులభమైన సాక్ష్యం ఇంకొకరిని బయటపెట్టే సాక్ష్యం కూడా అవుతుంది. ఆ బండి మీద ఎవరు వెళ్తున్నారన్నది నాకు అప్పగించిన ప్రశ్న కాదు. ఈ డ్రైవరు బస్సు నడపడానికి తగునా, తగడా అన్నదే ప్రశ్న. దానికి జవాబు ఆ బండి జోలికి పోకుండా రాబట్టగలనా అని ఆలోచించాను.

మొదట నరాల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. సుందర్రావు మీ దగ్గర వైద్యం చేయించుకోవడం లేదని ఒక్క వాక్యం రాసిస్తే చాలునన్నాను. డాక్టరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇవాళ ఈయన నా పేషెంటు కాదని రాసిస్తాననుకోండి. రేపు ఇంకొకరి గురించి అడుగుతారు. నేను రాయనంటాను. అప్పుడు దానికి మీరేం అర్థం చెప్పుకుంటారు?”

లేదని ఒకరికి చెప్పడం మొదలుపెడితే ఆయన మౌనం కూడా జవాబై కూర్చుంటుంది. అంత సూక్ష్మమైన విషయం మా కార్యాలయం ఆ సీడీ ఇచ్చేటప్పుడు ఎవరికీ తోచలేదు. నాకు చెప్పి ఉంటే నాకైనా తోచేదని గట్టిగా అనలేను.

తర్వాత సుందర్రావును ప్రభుత్వాసుపత్రికి పంపి పరీక్ష చేయించాం. అక్కడి వైద్యాధికారి కళ్లు, చెవులు, రక్తపోటు, నరాల స్పందనలు చూసి, నడపడానికి అడ్డొచ్చే లోపం ఏదీ కనబడలేదని రాశారు. ఫోనులో మాత్రం, “కనబడలేదన్నానండి, ఎప్పుడూ రాలేదనీ రాదనీ అనలేదు,” అని గుర్తుచేశారు. ఆయన జాగ్రత్త సరైనదే. మూర్ఛ వచ్చినప్పుడు తప్ప కనిపించదు. అందువల్ల ధ్రువపత్రం ఒక్కటే చాలదు. ఫిర్యాదుకున్న పునాది ఎంత గట్టిదో కూడా పరీక్షించాలి.

ఆ పునాది అంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది: బండి ఎవరి పేరు మీద ఉంటే ఆ బండి మీద వచ్చింది ఆయనే. ఈ ఊహను పరీక్షించడానికి సుందర్రావు బండి అవసరం లేదు, ఏ బండైనా పనికొస్తుంది. ఆ వారం జాతీయ రహదారి మీద రావులపాలెం దారిలో మాకు మామూలు తనిఖీ ఉంది. లైసెన్సు, బీమా చూడడంతోపాటు, ఆపిన ప్రతి ద్విచక్ర వాహనానికీ సి-బుక్కులో ఉన్న పేరు నడుపుతున్న మనిషిదేనా అని కూడా అడగమని నా సహాయకుడికి చెప్పాను. సి-బుక్కు అంటే రిజిస్ట్రేషను పత్రం. అది పుస్తకం రూపంలో ఉండే రోజుల నాటి పేరు అలాగే నిలిచిపోయింది.

“మా మావయ్య గారిదండి.”

“తమ్ముడిదండి, ఆడు కువైట్లో ఉన్నాడండి.”

“నాదేనండి. పేరు మాత్రం అమ్మినాయనదండి.”

“మరి మార్పించుకోలేదేం?”

“అడిగితే బాగోదండి. మమ్మల్ని నమ్మలేదా అనుకుంటారు కదాండి. సంతకాలు పెట్టిన కాగితాలు బీరువాలో ఉన్నాయండి, ఆయ్.”

బండి అమ్మితే అమ్మినవారు తెలియజేయాలి, కొన్నవారు పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి, రెంటికీ గడువులు ఉన్నాయి. డెల్టాలో జరిగేది వేరు. అమ్మిన మనిషి ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇస్తాడు. కొన్నవాడు వాటిని భద్రంగా దాచి, మళ్లీ అమ్మినప్పుడు అవే కాగితాలు మూడోవాడికి అందిస్తాడు. అలా ఒకే సంతకం మీద బండి నాలుగు చేతులు మారుతుంది. ఇది మోసం కోసం చేసేది కాదు. పరిచయస్తుల మధ్య మాటకు విలువ ఉందని చూపుకునే పద్ధతి. ఆ రోజు మేము ఆపినవారిలో సి-బుక్కులో ఉన్న పేరూ, నడుపుతున్న మనిషీ ఒక్కరే అయినవారు తక్కువమందే. ఒక ఉదయపు లెక్కతో జిల్లా అంతటికీ సూత్రం కట్టను. కానీ స్టాండులో ఆగిన బండిని చూసి మనిషిని చెప్పడం కుదరదనడానికి అది చాలు.

విచారణ రోజు అధికారి గారి గదిలో వీర్రాజు, సుందర్రావు, కరస్పాండెంటు గారు, నేను ఉన్నాం. నివేదికలో వైద్య పరీక్ష ఫలితం, రోడ్డు తనిఖీలో కనిపించిన సంగతి రాశాను. ఎఫ్.సి. రోజు సంగతి రాయలేదు. అడిగితే అబద్ధమాడను, అడక్కపోతే చెప్పను అని నిర్ణయించుకున్నాను.

వీర్రాజు ఊరుకోలేదు. “రోడ్డు మీద ఎవరెవరి బళ్లో నాకనవసరం అండి. మా కంప్యూటర్లో ఈయన పేరే వస్తందండి. కంప్యూటరు అబద్ధం చెప్తదాండి?”

“మీరు స్టాండుకు దేని మీద వస్తారు?” అని అడిగాను.

“నా బండి మీదేనండి.”

“దాని సి-బుక్కు ఎవరి పేరు మీద ఉంది?”

కొంచెం తడబడ్డాడు. “అది... పెద్దాపురం ఆయనెవరిదోనండి. బ్రోకరు ద్వారా కొన్నానండి. ఆయన్ని నేను చూళ్లేదు.”

“మీ బండికీ టోకెను రాస్తారా?”

“రాస్తారండి. మా సంస్థలో రూల్సంటే రూల్సే.”

“అయితే వీర్రాజు గారూ, మీ కంప్యూటరు ప్రకారం ఆ పెద్దాపురం ఆయన రోజూ పొద్దున్నే నరాల డాక్టరు గారి దగ్గరికి వచ్చి సాయంత్రం దాకా అక్కడే ఉంటున్నారు. ఆదివారం కూడా మానడం లేదు. సుందర్రావు గారికన్నా ఆయనకే జబ్బు బాగా ముదిరినట్టుంది.”

కరస్పాండెంటు గారు ముందు నవ్వారు. అధికారి గారు నవ్వు ఆపుకోవడానికి ఫైలు తిరగేశారు. వీర్రాజు కూడా తల గోక్కుంటూ, “పాపం, ఆ మహానుభావుడు ఏ పాపం ఎరగడండి,” అన్నాడు. సుందర్రావు ఒక్కడే నవ్వలేదు. తర్వాతి ప్రశ్న ఎటు పోతుందో ఆయనకు ముందే తెలిసినట్టుంది.

వీర్రాజు తెలివైనవాడు. నవ్వు ఆగగానే సుందర్రావు వైపు తిరిగాడు. “అయితే మీ బండి మీద ఎవరెల్తన్నారండి?”

వీర్రాజు ఇంకోసారి అడిగితే సుందర్రావు ‘నేనే వెళ్తున్నాను’ అంటాడని నాకు అనిపించింది. అనే మనిషే. అధికారి గారు కలం మూత పెట్టి, “ఆ ప్రశ్న ఈ ఫైల్లో లేదు. మీరడిగింది ఈయన బస్సు నడపొచ్చా అని. దానికే జవాబు ఇస్తున్నాం,” అన్నారు.

లైసెన్సు రద్దు చేయడానికి సహేతుకమైన ఆధారం లేదని ఉత్తర్వు వచ్చింది. తర్వాతి రెన్యువలుకు మళ్లీ వైద్య ధ్రువపత్రం తేవాలన్న షరతు పెట్టారు, సుందర్రావు ఒప్పుకున్నాడు. బయట వరండాలో వీర్రాజు నన్ను ఆపి, ఆయనకు జబ్బు లేదని ఖాయంగా చెప్పగలరా అని అడిగాడు. ఖాయంగా ఎవరి విషయంలోనూ చెప్పలేమనీ, ఇప్పుడు అతను ఎక్కబోయే ఆటో నడిపే మనిషి విషయంలో కూడా అంతేననీ అన్నాను. అతనికి ఆ జవాబు నచ్చలేదు. పిల్లల తండ్రికి నచ్చవలసిన జవాబు కాదు అది, కానీ నా దగ్గర ఉన్న నిజమైన జవాబు అదొక్కటే.

కరస్పాండెంటు గారు సుందర్రావును మళ్లీ పనిలోకి తీసుకున్నారు. కాలువ గట్టు రూటు మాత్రం ఇవ్వలేదు. “నాకేం అనుమానం లేదండి, తల్లిదండ్రులు ఊరుకోరు,” అన్నారు. ఉత్తర్వు లైసెన్సును కాపాడింది; వ్యాపించిన మాటను వెనక్కి పిలవలేకపోయింది.

ఆ వారంలోనే జాబితా విషయమై అధికారి గారికి ఒక నోటు పెట్టాను. వదిలేసిన బళ్ల యజమానుల కోసం అడిగితే, ఏ బండికి ఆ బండికి రాతపూర్వకంగా అడగాలి, కారణం చూపాలి, మా గుమాస్తా వెతికి ఆ ఒక్క పేరే ఇవ్వాలి అన్నది దాని సారాంశం. ఆయన సంతకం చేశారు. ఇచ్చిన సీడీ వెనక్కి తెప్పించమన్నారు. సంస్థ మర్యాదగా ఒక కవరులో పెట్టి పంపింది. జాబితాను తమ యంత్రాల్లోంచి పూర్తిగా తొలగించామని ఒక ఉత్తరం కూడా జతచేసింది.

సీడీ వెనక్కి రావడం వల్ల నాకేమీ రుజువు కాలేదు. వీర్రాజును పిలిచి, ఇంకెక్కడైనా నకలు ఉందా అని అడిగాను. కోపం పెట్టుకునే మనిషి కాదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. నెలవారీ పాసులు అమ్మడానికి రాజమండ్రిలోని ఆఫీసుకు ఒకటి వెళ్లిందట. అక్కడినుంచి బీమా ఏజెంటు ఒకాయన అడిగి తీసుకున్నాడట. “తర్వాత ఆయన ఎవరికిచ్చాడో నాకేం తెలుసండి. ఒకసారి ఎక్కించడానికి రెండు నిమిషాలు పట్టదు కదాండి,” అన్నాడు. రాజమండ్రి ఆఫీసుకూ, ఏజెంటుకూ ఉత్తరాలు వెళ్లాయి. తొలగించామని రెండు చోట్ల నుంచీ జవాబులు వచ్చాయి. వాటిని ఫైల్లో పెట్టాం. అవి నిజమో కాదో పరీక్షించే పద్ధతి అప్పుడు నా దగ్గర లేదు, ఇప్పుడూ లేదు.

లైసెన్సు రెన్యువలుకు సుందర్రావు వచ్చినప్పుడు, పని అయిపోయాక గుమ్మం దగ్గర ఆగాడు.

“మా పేరు ఆ స్టాండోళ్ల దగ్గర్నుంచి తీసేశారాండి?”

“తీసేశామని రాసిచ్చారు.”

“రాసిచ్చారు సరేనండి. తీసేశారా?”

చెప్పలేనన్నాను. ఆయన తల ఊపాడు. బండి ఇప్పుడు ఆస్పత్రుల వీధికి వెళ్లడం లేదని తనే చెప్పాడు. “ఆళ్లు బస్సులో ఎల్తన్నారండి. రెండు బస్సులు మారాలి, దిగాక ఆటో ఎక్కాలి. ఎండలో పడదండి ఆళ్లకి. అయినా బస్సుకైతే నంబరుంటది గానీ, ఎక్కినోళ్ల పేరుండదు కదాండి.” ఆ ఇంట్లో సంబంధం ఏమైందని నేను అడగలేదు. ఆ మనిషి ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవడం ఆ ప్రాంతంలో కష్టమేమీ కాదు.

ఈ ఉదంతం తర్వాత నా పనిలో రెండు పద్ధతులు మారాయి. రిజిస్టరులోని పేరును ఆధారంగా చూపే ఏ ఫిర్యాదు వచ్చినా, కళ్లతో చూసింది ఎంత, కలిపి ఊహించింది ఎంత అని విడదీయకుండా నివేదిక రాయలేదు. స్టాండులో చూసింది నంబరు ఒక్కటే. మనిషినీ, జబ్బునూ ఎవరూ చూడలేదు, కంప్యూటరు ఆ ఖాళీలను పేరుతో పూరించింది. రెండోది, ఒక అవసరానికని అడిగినవారికి ఆ అవసరానికి సరిపడినంతే ఇవ్వాలని పట్టుబట్టడం మొదలుపెట్టాను. యంత్రంలో లోపం ఉంటే ఎఫ్.సి. రద్దు చేయవచ్చు, బండిని ఆపవచ్చు, సరిచేశాక మళ్లీ పరీక్షించవచ్చు. చేయి దాటిన జాబితా విషయంలో ఆ మూడు అవకాశాల్లో ఒక్కటీ ఉండదు. కనుక దాన్ని పరీక్షించవలసిన సమయం ఇవ్వకముందే.